బాగున్న పిల్లికి స్కానింగ్ ఎందుకు?

బాస్కెట్ తలుపు తీసి పెట్టారు. పిల్లి మాత్రం బయటికి రానంది. లోపల పరిచిన పాత తువ్వాలులోకి ఇంకాస్త ముడుచుకుపోయి, చెవులు వెనక్కి వాల్చి, హాల్లో మొరుగుతున్న లాబ్రడార్ వైపు చూస్తోంది. నాలుగేళ్ల తెల్ల పర్షియన్. ఏడాదికోసారి వేయించే టీకా కోసం తీసుకొచ్చారు. ‘లాగకండి, పైమూత విప్పేద్దాం’ అంది డాక్టరమ్మ. మూత ఊడింది. పిల్లి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఆవిడ దూదిని స్పిరిట్‌లో ముంచి, పక్కటెముకల మీద బొచ్చును పాయలు తీసి తడిపి, బొటనవేలంత ప్రోబును అక్కడ ఆనించింది. పక్కనున్న తెర మీద నలుపు తెలుపు చారలు కదిలాయి.

‘దీనికి జబ్బేం లేదుగా మేడమ్, స్కానింగ్ ఎందుకూ?’ అడిగింది పిల్లిని తెచ్చిన అమ్మాయి.

‘లేదు కాబట్టే చూస్తున్నానమ్మా. జబ్బు చేశాక ఇంత నిదానంగా కూర్చోనిస్తుందా ఇది?’

కారు నడుపుకొచ్చిన తండ్రికి ఇదంతా విడ్డూరంగానే ఉంది. వాళ్ల ఊళ్లో పిల్లికి టీకా వేయించిన వాళ్లే లేరు. పాలగిన్నె మీద మూత సరిగ్గా ఉందా లేదా అన్నదే పిల్లి గురించి ఆయనకు తెలిసిన ఆరోగ్య సమస్య.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో పిల్లిని పెంచుకునేవాళ్లకు ఎదురుకాగల ప్రశ్న ఇది. టీకాలప్పుడో, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ముందో డాక్టరు ‘ఒకసారి ఊపిరితిత్తులు కూడా చూద్దాం’ అంటే సరేననాలా, అనవసరపు ఖర్చని కొట్టిపారేయాలా? మన దగ్గర పశువులకు స్కానింగ్ అంటే గేదె చూడి కట్టిందో లేదో చూడటమే గుర్తొచ్చేది. హాయిగా తిని తిరిగే పిల్లి ఊపిరితిత్తులను తెర మీద చూడటం కొత్త సంగతే.

నిన్నటిదాకా బాగానే ఉందండీ!

పిల్లుల డాక్టర్లకు అలవాటైపోయిన మాట ఇది. ఆ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జబ్బును దాచుకోవడంలో పిల్లిని మించింది లేదు. కుక్కకు గుండె జబ్బు ముదిరితే చాలాసార్లు దగ్గు వస్తుంది, వాకింగ్‌కు తీసుకెళ్తే సగం దారిలో కూలబడుతుంది. ఇంట్లోవాళ్లకు ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. పిల్లిని వాకింగ్‌కు తీసుకెళ్లేవాళ్లు ఎవరు? గుండె జబ్బున్న పిల్లి సాధారణంగా దగ్గదు కూడా. ఆయాసం వస్తే ఇంకో రెండు గంటలు ఎక్కువ పడుకుంటుంది. రోజులో ఎక్కువసేపు నిద్రపోయే జీవి మరి కాస్త నిద్రపోతే ఎవరికి అనుమానం వస్తుంది?

పిల్లుల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే గుండె జబ్బు, గుండె గోడలు మందమైపోవడం. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటారు. బ్రిటన్‌లో పిల్లుల పునరావాస కేంద్రాల్లో పైకి ఆరోగ్యంగానే ఉన్న 780 పిల్లులను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో సుమారు 15 శాతానికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి ఏడింటిలో ఒకటి. అదే పరిశీలనలో పదింట నాలుగు పిల్లులకు స్టెతస్కోపులో మర్మర్, అంటే గుండె చప్పుడుతో పాటు అదనపు రొద, వినిపించింది. కానీ వాటిలో ఎక్కువ వాటికి గుండె జబ్బు లేదు. చెవికి వినిపించేదాన్ని బట్టి భయపడటానికీ లేదు, ధైర్యంగా ఉండటానికీ లేదు. ఈ జబ్బున్న పిల్లులన్నీ ఇబ్బంది పడతాయనీ కాదు. చాలా పిల్లులు దాంతోనే ముసలివై, వేరే కారణంతో పోతాయి. కొన్నింటికి మాత్రం ఒక రాత్రి హఠాత్తుగా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మరికొన్నింటికి గుండెలో గడ్డకట్టిన రక్తం కదిలి వెనక్కాళ్లకు వెళ్లే రక్తనాళంలో అడ్డం పడుతుంది. పిల్లి ఒక్కసారిగా అరిచి, కాళ్లు ఈడ్చుకుంటూ కూలబడుతుంది.

ఊపిరాడని పిల్లి టేబుల్ మీదికి వస్తే డాక్టరుకు మిగిలేవి నిమిషాలే. మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తూ ఉంటుంది. ఆ స్థితిలో ఎక్స్‌రే కోసం పక్కకు తిప్పి పడుకోబెడితే ఆ కంగారుకే ప్రాణం పోవచ్చు. మరి ఊపిరితిత్తుల్లో ఉన్నది గుండె జబ్బుతో చేరిన నీరా? ఆస్తమానా? ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరా? న్యుమోనియానా? ఒక్కోదానికి ఒక్కో వైద్యం. మొదటిదానికి నీరు తోడేసే ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్ కావాలి. రెండోదానికి స్టెరాయిడ్, శ్వాసనాళాలు విప్పే మందు. గుండె బలహీనంగా ఉన్న పిల్లికి ఆస్తమా అనుకుని స్టెరాయిడ్ ఇస్తే పరిస్థితి ఇంకా దిగజారే ప్రమాదం ఉంది. ఊపిరితిత్తుల స్కానింగ్, అంటే లంగ్ అల్ట్రాసౌండ్, పిల్లుల వైద్యంలోకి అడుగుపెట్టింది ఇలాంటి అత్యవసరాల కోసమే. బాగున్న పిల్లుల దగ్గరికి ఆ తర్వాత వచ్చింది.

గాలి ఉంటే ధ్వని వెనక్కే

చాలాకాలం పాటు వైద్య విద్యార్థులకు నేర్పిన మాట: అల్ట్రాసౌండ్‌తో అన్నీ చూడొచ్చు, ఊపిరితిత్తులను తప్ప. కారణం సూటిదే. ప్రోబు పంపే ధ్వని తరంగం కండలోంచి గాలిలోకి దాటబోతే దాదాపు మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తుంది. ఊపిరితిత్తి నిండా ఉండేది గాలే. కాబట్టి దాని పైపొర దాటి లోపల ఏముందో తెర మీదికి రాదు.

అయితే ఆ అడ్డంకినే ఆధారం చేసుకోవచ్చని తర్వాత తేలింది. లోపల గాలి నిండుగా ఉంటే పైపొర దగ్గర తగిలి వెనక్కొచ్చిన ధ్వని ప్రోబుకూ పొరకూ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. తెర మీద పొర తాలూకు తెల్లగీత కిందే, సమాన దూరాల్లో, అలాంటి గీతలే మరికొన్ని అడ్డంగా పడతాయి. అక్కడ నిజంగా ఏ వస్తువూ లేదు. అయినా ఆ గీతలు కనిపించాయంటే ఊపిరితిత్తి పొడిగా ఉన్నట్టు. అదే ఊపిరితిత్తి పైభాగంలో కాస్త నీరు చేరినా బొమ్మ మారిపోతుంది. పొర దగ్గర పుట్టిన తెల్లటి చార, రాత్రిపూట ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు వెలుగులా, తెర అడుగుదాకా నిలువునా దిగుతుంది. ఊపిరితో పాటు అటూ ఇటూ ఊగుతుంది. దారిలో ఉన్న అడ్డగీతలను చెరిపేస్తుంది.

> తెర మీద ఏం చూస్తారు?
>
> మొసలి: రెండు పక్కటెముకల గుండ్రటి వంపులు, వాటి మధ్య కింద తెల్లటి పొర. నీటిలోంచి కళ్లు మాత్రం పైకి పెట్టిన మొసలిలా ఉంటుందని అమెరికా పశువైద్యులు పెట్టిన పేరు. ముందు ఇది దొరికితేనే సరైన చోట ఉన్నట్టు.
>
> జారుడు: ఊపిరి పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తి ఛాతీ గోడకు ఆనుకుని ముందుకూ వెనక్కూ జారుతుంది. ఆ కదలిక కనిపిస్తే ఆ చోట ఊపిరితిత్తికీ గోడకూ మధ్య గాలి చొరబడలేదని అర్థం.
>
> ఏ-లైన్లు: సమాన దూరంలో పడే అడ్డగీతలు. జారుడుతో కలిసి ఉంటే పొడి ఊపిరితిత్తి.
>
> బీ-లైన్లు: తెర చివరిదాకా దిగే నిలువు చారలు. ఒక్కో చోట ఎన్ని ఉన్నాయో 0, 1, 2, 3, అంతకన్నా ఎక్కువ అని లెక్కేస్తారు. విడదీయలేనంతగా కలిసిపోతే ‘అనంతం’ అని రాస్తారు.

గుర్రం నుంచి మనిషికి, మనిషి నుంచి పిల్లికి

మనుషుల వైద్యంలో కనిపెట్టినవి పశువులకు అందడమే మామూలుగా మనం చూసేది. ఇక్కడ మొదటి అడుగు పశువైద్యుడిదే. ఊపిరితిత్తి జారుతూ కనిపించడాన్ని 1986లో గుర్రాల ఛాతీ జబ్బుల మీద రాస్తూ వర్ణించింది అమెరికా పశువైద్యుడు నార్మన్ రాంటనెన్. ఆ గుర్తును 1995లో మనుషుల అత్యవసర వైద్యంలోకి తెచ్చింది పారిస్ శివారులోని ఐసీయూ వైద్యుడు డేనియల్ లిష్టెన్‌స్టైన్. ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ పనికిరాదన్న పాఠాన్ని కాదని ఏళ్ల తరబడి రోగుల మంచాల పక్కనే ప్రోబు పట్టుకుని తిరిగారాయన. ఆయాసంతో వచ్చిన రోగికి కారణమేమిటో మంచం పక్కనే తేల్చే ‘బ్లూ’ పద్ధతిని 2008లో ప్రచురించారు.

అదే 2008లో గ్రెగరీ లిసియాండ్రో అనే పశువైద్యుడు, ప్రమాదాల్లో దెబ్బతిన్న 145 కుక్కల ఛాతీని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించిన పద్ధతిని బయటపెట్టారు. లిష్టెన్‌స్టైన్ పద్ధతిని పశువులకు తగ్గట్టు మలిచి ‘వెట్ బ్లూ’ అని పేరు పెట్టిందీ ఆయనే. 2017లో ఆయన బృందం పిల్లుల మీద చేసిన పరిశీలన మన విషయానికి బాగా దగ్గరిది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్న పిల్లులను ఒకవైపు, గుండె విఫలమై నీరు చేరిన పిల్లులను మరోవైపు పెట్టి చూశారు. మొదటి గుంపులో ఎక్కువ పిల్లులకు ఒక్క బీ-లైన్ కూడా లేదు. రెండో గుంపులో చాలా చోట్ల, గుంపులు గుంపులుగా కనిపించాయి.

కొవిడ్ కాలంలో సీటీ స్కోరు, ఆక్సిమీటరు మన ఇళ్లలో మామూలు మాటలైపోయాయి. వార్డుల్లో డాక్టర్లు చేత్తో పట్టుకెళ్లిన లంగ్ అల్ట్రాసౌండ్‌కు అంత పేరు రాలేదు గానీ, దాని వాడకం బాగా పెరిగింది అప్పుడే.

ఒళ్లోనే పరీక్ష

పిల్లి స్వభావానికి ఇంతగా సరిపోయే పరీక్ష ఇంకోటి లేదేమో. వెల్లకిలా పడుకోబెట్టక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, చాలావరకు బొచ్చు గొరగక్కర్లేదు. నిలబడినా, బోర్లా కూర్చున్నా, యజమాని ఒళ్లో ఉన్నా సరే. బొచ్చు మధ్య చిక్కుకున్న గాలే శత్రువు కాబట్టి దాన్ని స్పిరిట్‌తో తడిపి అణచాలి. కొన్ని పిల్లులకు స్పిరిట్ వాసన తగిలితే చాలు, బుసకొడతాయి. అలాంటప్పుడు కొందరు డాక్టర్లు చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ వాడతారు. ఒక్కో పక్క నాలుగు చోట్ల, రెండు పక్కలా కలిపి ఎనిమిది చోట్ల ప్రోబు ఆనిస్తారు: వీపు దగ్గర వెనక భాగం, మధ్యలో, గుండెకు ఆనుకుని, ముందు కాలి చంక కింద. చేయి తిరిగినవాళ్లకు రెండు మూడు నిమిషాల పని.

ఇంకో సౌకర్యం ఉంది. భయపడితే కొన్ని, ఇష్టమైతే కొన్ని, మొత్తానికి డాక్టరు దగ్గర చాలా పిల్లులు గుర్రుగుర్రుమంటాయి. సెకనుకు పాతిక ముప్ఫై సార్లు అదిరే ఆ చప్పుడులో స్టెతస్కోపు పెట్టిన చెవికి గుండె గానీ, ఊపిరి గానీ సరిగ్గా వినిపించవు. దాన్ని ఆపడానికి డాక్టర్లు పడే పాట్లు చూసి తీరాల్సిందే. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపిస్తారు, ముక్కు దగ్గర స్పిరిట్ దూది పెడతారు, మెల్లగా ముక్కు మీద ఊదుతారు. తెర మీద చారలు చూడటానికి చెవులతో పనిలేదు.

మామూలంటే ఎంత?

అసలు విషయం ఇక్కడుంది. బాగున్న పిల్లికి బీ-లైన్లు ఉండవు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు. ఆరోగ్యంగా ఉన్న కొన్ని పిల్లులకూ ఏదో ఒక చోట ఒకటో రెండో చారలు కనిపిస్తాయి. ఎప్పుడో వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు మచ్చ కావచ్చు, ఏమీ కాకపోనూవచ్చు. ఒకే చోట ఒంటరిగా ఉన్న చార వేరు, నాలుగైదు చోట్ల మూడేసి చారలు వేరు. ఈ తేడా పుస్తకం చదివితే రాదు. ఆయాసపడే పిల్లులను మాత్రమే స్కాన్ చేసిన డాక్టరుకు ప్రతి చారా జబ్బుగానే కనిపిస్తుంది. టీకాలకు వచ్చే పిల్లులను వరసగా చూసిన డాక్టరుకు చేయి కుదురుతుంది, కంటికి మామూలు అలవాటవుతుంది. అర్ధరాత్రి ఎవరో ఊపిరాడని పిల్లిని పట్టుకొస్తే ఆ అనుభవమే అక్కరకొస్తుంది. నిజం చెప్పాలంటే, బాగున్న పిల్లికి చేసే స్కానింగ్‌లో సగం లాభం డాక్టరుకు. ఆ మాట పైకి చెప్పి చేసే డాక్టరును నమ్మొచ్చు.

మిగతా సగం పిల్లిదే. దాని సొంత మామూలు ఏమిటో రికార్డులో ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఆయాసంతో వస్తే ‘కుడి పక్క మధ్యలో కనిపిస్తున్న ఈ ఒక్క చార కొత్తదా, పాతదా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గుండె విఫలమైన కుక్కల్లో నీరు ఎక్కువగా గుండె చుట్టుపక్కలా, వెనక భాగంలో చేరుతుంది. పిల్లుల్లో అలాంటి కట్టుబాటు లేదు. ఎక్కడ పడితే అక్కడ మచ్చలు మచ్చలుగా చేరుతుంది. అందుకే ఎనిమిది చోట్లా చూడాలి. ఒక్క చోట చూసి బాగుందనేస్తే లాభం లేదు.

ఆపరేషన్‌కు ముందు చూడటానికి ఇంకా గట్టి కారణముంది. పైకి తెలియని గుండె జబ్బున్న పిల్లికి మత్తు ఇచ్చి, సెలైన్ కాస్త ఎక్కువ ఎక్కిస్తే ఆ నీటిని గుండె మోయలేకపోవచ్చు. ఆపరేషన్ బాగానే అయిందనుకుని ఇంటికి తీసుకెళ్లాక ఆయాసం మొదలవుతుంది. ఆపరేషన్‌కు ముందు చూసిన ఎనిమిది చోట్లనే ఇంటికి పంపేముందు మళ్లీ చూస్తే తేడా క్లినిక్కులోనే తెలిసిపోతుంది. అయితే ఆ మొదటి స్కానింగ్ మత్తుకు ముందే కావాలి. మత్తులో ఒక పక్కకు పడుకోబెట్టాక కిందిపక్క ఊపిరితిత్తి కొంత ముడుచుకుని, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు.

> ఇంట్లో ఖర్చులేని పరీక్ష
>
> పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి.
>
> నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే మామూలు. రోజుల తరబడి 30 దాటుతుంటే డాక్టరుకు చూపించండి.
>
> గుర్రుమంటున్నప్పుడు, ఆడుకుని వచ్చిన వెంటనే, కలలో మీసాలు, పాదాలు అదురుతున్నప్పుడు లెక్కపెట్టవద్దు.
>
> ఏమీ చేయకుండా కూర్చున్న పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు. వెంటనే బయల్దేరండి.

తెరకు అందనివి

ఈ పరీక్ష చూసేది ఊపిరితిత్తి అంచును మాత్రమే. లోపల ఎంత పెద్ద గడ్డ ఉన్నా, అది పైపొరదాకా రాకపోతే తెర మీద పొడి ఊపిరితిత్తే కనిపిస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లిలో జబ్బు శ్వాసనాళాల్లో ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఒక్క చారా కనిపించదు. ‘స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, మరి ఇలా మెడ చాచి దగ్గుతుందేంటి?’ అనే ఇంటివాళ్ల అయోమయానికి కారణం ఇదే. చార కనిపించినా అది నీరే అనడానికి లేదు. న్యుమోనియా, దెబ్బ తగిలి చేరిన రక్తం, గట్టిపడిన కణజాలం కూడా అలాంటి చారలే గీస్తాయి. నత్తల ద్వారా వచ్చే ఊపిరితిత్తుల పురుగు ఎలుకలనూ పక్షులనూ వేటాడి తినే పిల్లులకు పడుతుంది. దాని ఆనవాళ్లు పొర దగ్గర ఉంటే కనిపించవచ్చు, కానీ తేల్చాల్సింది మలపరీక్షే. గుండె గోడల మందం కొలవడానికి గుండెకు విడిగా చేసే అల్ట్రాసౌండ్, ఎకో, చేయాలి. లంగ్ స్కానింగ్‌లో చారలు లేవంటే ప్రస్తుతానికి నీరు చేరలేదని మాత్రమే అర్థం. గుండె బాగుందన్న హామీ అందులో లేదు.

అందుకే దీన్ని ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో ఒక వరసగా కలిపి అమ్మడం చూస్తే కాస్త గుబులే. మనుషుల డయాగ్నొస్టిక్ సెంటర్లలో ప్యాకేజీల తంతు చూశాం. ఎక్కడో ఒక చార కనిపించిందని ఎక్స్‌రే, ఎక్స్‌రే తేల్చలేదని సీటీ, దానికి మత్తు. పిల్లికి బస్తాడు భయం, ఇంట్లోవాళ్లకు అప్పు. హుషారుగా తింటూ, బరువు తగ్గకుండా, నిద్రలో ఇరవైసార్లు ఊపిరి తీసే రెండేళ్ల నాటు పిల్లికి విడిగా డబ్బు కట్టి ఈ స్కానింగ్ చేయించాల్సిన పని లేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లి, మర్మర్ వినిపించిన పిల్లి, ఈ గుండె జబ్బు వంశపారంపర్యంగా వచ్చే మెయిన్ కూన్, రాగ్‌డోల్ లాంటి జాతులు, మన దగ్గర ఎక్కువగా కనిపించే పర్షియన్లు, ఆపరేషన్‌కు సిద్ధమైనవి: వీటి సంగతి వేరు. వీటికి చేయిస్తే దండగ కాదు.

ఫోన్‌లా కొనుక్కునేది కాదు

ఫోన్‌కు తగిలించుకునే జేబు ప్రోబులు ఇప్పుడు ప్రపంచమంతా దొరుకుతున్నాయి. పిల్లి ఛాతీ మీద బొచ్చు, పలుచటి కండ దాటితే ఊపిరితిత్తే కాబట్టి అలాంటి చిన్న ప్రోబు కూడా పనికొస్తుంది. కానీ మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రాన్ని ఎవరు పడితే వాళ్లు కొనడానికి లేదు. ఆడపిల్లల భ్రూణహత్యలు ఆపడానికి తెచ్చిన 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం, గర్భస్థ శిశువు లింగాన్ని కనిపెట్టగల యంత్రాన్ని రిజిస్ట్రేషన్ లేనివారికి అమ్మడం నేరం. పిల్లి డొక్కను చూసే ప్రోబు మనిషి కడుపునూ చూడగలదు. కాబట్టి వెటర్నరీ డాక్టరైనా సరే, కాగితాలు లేకుండా కొని జేబులో వేసుకుని తిరగలేరు. కాగితాల పని చిరాకు పుట్టించినా, ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లు దాన్ని తప్పుపట్టరు. వీధి చివరి చిన్న క్లినిక్కులన్నిటికీ ఈ పరీక్ష అందకపోవడానికి యంత్రం ఖరీదుతో పాటు ఇదీ ఒక కారణం.

చేయిస్తే మాత్రం రికార్డు మీ దగ్గర పెట్టుకోండి. చీటీ మీద ‘లంగ్స్ నార్మల్’ అని రాసిస్తే సరిపోదు. జారుడూ, చారలూ కదిలేవి, ఫొటోలో నిలవవు. కాబట్టి నాలుగైదు సెకన్ల వీడియో క్లిప్పులు అడగండి. తేదీ, ఎడమో కుడో, ఎనిమిదింటిలో ఏ చోటో, చారలు ఎన్నో రాయించుకోండి. ఉద్యోగం బదిలీ అయి హైదరాబాద్ నుంచి విశాఖకు మారినా, అర్ధరాత్రి తెలియని క్లినిక్కుకు పరుగెత్తాల్సి వచ్చినా, ఆ క్లిప్పులు మీ ఫోన్‌లోనే ఉంటాయి.